రోగ మెవరిది?

కుమారుని మనస్సు స్త్రీలపై నిలువక పురుషునిపై నిలిచినదని తెలిసినతోడనే మన యిండ్లలో తల్లిదండ్రులు "వీ డిట్లేల పుట్టినాడు?" అని మొదట విలపింతురు, పిమ్మట వైద్యుని యొద్దకు గొనిపోవుదురు, తుదకు "పెండ్లి చేసిన అంతయు కుదురును" అని యొక నిరపరాధయగు కన్యను దెచ్చి ముడివేయుదురు. కొడుకు రోగి, కోడలు ఔషధము! ఈ యన్యాయమునకు మూల మా మొదటి ప్రశ్నలోనే యున్నదని మేము వాదించుచున్నాము.

ఆ ప్రశ్నయే తప్పని నిరూపించిన విదుషి ఇంగ్లండు దేశపు సంఘశాస్త్రజ్ఞురాలు మేరీ మెకింటాష్ (1936–2013). వైద్యులు స్వలింగానురక్తిని వ్యాధిగా నెంచి కారణము వెదకుచున్న కాలమున, 1968లో, ఆమె "ది హోమోసెక్సువల్ రోల్" అను వ్యాసమును ప్రకటించెను. "స్వలింగానురాగి" యనునది సంఘము కొందఱికి తగిలించు పాత్ర యనియు, ఆ పాత్రవలన సంఘమున కేమి ప్రయోజనమో విచారింపవలెననియు నామె సిద్ధాంతము. కొందఱికి ముద్రవేసి వెలివేసినచో తక్కినవా రెల్లరు తాము పరిశుద్ధులమని నమ్మియుండవచ్చును గదా! ఇంగ్లండులో నీ పాత్ర పదునేడవ శతాబ్దాంతమున గాని స్పష్టపడలేదని ఆమె చరిత్రనుండి చూపెను. అమెరికాలో 1948లో కిన్సే ప్రకటించిన లెక్కలలో, యౌవనారంభమునుండి యొక్కసారియైనను స్వలింగసంపర్కము గల పురుషులు నూటికి 37గురు. నాటినుండి కేవల మట్లే జీవించినవారు నూటికి 4గురు. గీత యెచ్చట గీయుదురు?

"పాత్రయే యైనచో విడిచివేయరాదా?" అని కొంద ఱడుగవచ్చును. ఆమె పాత్ర యన్నది ముద్రను, మమతను గాదు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహము జరిపించినపుడు వితంతువు నుదుట అపశకున కారణమును వెదకిరా? ఆ పేరు పెట్టిన సంఘమునే నిలదీసిరి. భర్త మరణము నిజము; అపశకునము మన కల్పన. ఇక్కడను అంతియే: అనురాగము నిజము, కళంకము కల్పితము.

మెకింటాష్ వ్రాసి యూరకుండలేదు. 1970లో లండనులో వెలసిన గే విముక్తి సమాజమున పనిచేసెను. పిదప లైంగిక నేరముల చట్టములపై ప్రభుత్వమునకు సలహా నిచ్చు సంఘమున సభ్యురాలయ్యెను. పురుషుల పరస్పర సమ్మతికి 21 ఏండ్లుగా నున్న వయోనియమమును 18కి తగ్గింపవలసినదని ఆ సంఘము సూచించెను.

ఆ యింగ్లండు పాలకులే 1860లో మన శిక్షాస్మృతియందు 377వ సెక్షనును చేర్చిపోయిరి. సమ్మతిగల వయోజనుల విషయమున అది చెల్లదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. న్యాయస్థానము తుడిచిన గీతను మనము గడపమీద మరల గీయుచున్నాము!

తల్లిదండ్రులారా! "వీ డిట్లేల పుట్టినాడు?" అనుట మాని "మే మేల భయపడుచున్నాము?" అని మిమ్ము మీరే యడుగుడు. వేరొకరి బిడ్డ జీవితమును మీ భయమునకు మందుగా నూరకుడు. రోగము భయముదే, చికిత్స మనకే కావలెను.