సైకిలు బాట యెవరికొఱకు?

నగరములలో పాత వీధులను త్రవ్వి క్రొత్తగా వేయునపుడెల్ల, సైకిళ్ళకు ప్రత్యేకమైన బాట నుంచవలెనా, యుంచినచో నెక్కడ నుంచవలెనను వాదము బయలుదేరుచున్నది. ఇది యింజనీర్ల వ్యవహారము, మనకేల యని సోదరీమణులు పుట త్రిప్పివేయవలదు. ఆ గీత యొక బారెడు అటునిటైనచో మన పిల్ల బడికి సైకిలుమీద పోవుటయో మానుటయో తేలిపోవును.

హైదరాబాదు సంగతి చూతము. 2023 అక్టోబరు 1వ తేదీన ఔటరు రింగురోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను ప్రారంభించిరి. పైన సౌరఫలకముల కప్పు. నీడయు నిచ్చును, విద్యుత్తును నిచ్చును. చూడముచ్చటైన పనియే. కాని నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపుల సాగు నా బాట వ్యాయామము గోరువారి కుపకరించినంతగా కూరగాయల యంగడికి పోవు నిల్లాలికి ఉపకరింపదు. నగరము నడుమనుండువారు దానిని చేరుటకే కారెక్కవలసి వచ్చును!

హాలండు దేశమున 1971లో వీధి ప్రమాదములవలన 3,000 మందికి పైగా మరణించిరి. అందు 400 మందికి పైగా పసివారు. అప్పుడు తల్లిదండ్రులు ‘శిశుహత్య మానుడు’ అను పేర నుద్యమము లేవదీసిరి. దాని మొదటి యధ్యక్షురాలు మార్త్యె వాన్ పుట్టెన్ అను యువమాత. ప్రభుత్వమువారు తొలుత హేగు, టిల్‌బర్గు పట్టణములలో చక్కని బాట నొక్కొక్కదానిని వేసి చూచిరి. ఆ బాటలపై సైకిళ్ళు హెచ్చినవి గాని, ఊరిమొత్తముమీద చెప్పుకొనదగినంత హెచ్చలేదు. పిమ్మట డెల్ఫ్టు పట్టణమున బాటలన్నియు నొకదానితో నొకటి కలియునట్లు వలవలె నల్లిరి, అచ్చట హెచ్చినవి.

ఇక బాట యుండవలసిన చోటు. వట్టి రంగుగీత గీచినచో మన యూళ్ళలో వారము తిరుగకమునుపే అది కారులు నిలుపు తావగును. నిలిచిన కారులకును పరుగెత్తు బండ్లకును నడుమ వేసినచో, డ్రైవరు తలుపు తెఱచుటయేమి, సైకిలుమీది పిల్ల బస్సు ముందు పడుటయేమి! బాటను కారులకును కాలిబాటకును మధ్యకు జరిపి, తలుపు తెఱచునంత యెడమిచ్చి, రాతిగట్టు కట్టినచో ఆ నిలిచిన కారులే గోడయగును. బస్సుస్టాపు వచ్చినచోట బాట దాని వెనుకనుండి పోవలెను.

వీధి యిఱుకు, చోటెక్కడిదని దుకాణదారులడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మిక్కిలి యిఱుకు వీధిలో వేఱు బాట యక్కఱలేదు. బండ్ల వేగమును తగ్గించిన చాలును. తోపుడుబండ్లవారికి ముందే తావు చూపకున్న వారు బాటలోనే నిలుతురు, తప్పు వారిది కాదు. కాలిబాటను కోసి సైకిళ్ళకిచ్చుటకు మాత్రము మేము సమ్మతింపము, ముసలమ్మలెక్కడ నడచెదరు?

మీ వీధి పటము చూపినపుడు మొదట కూడలి యెట్లున్నదో అడుగుడు. తిన్నని వీధిలో ఘనముగా సాగిన బాట నాలుగుదారులు కలియుచోటికి రాగానే మాయమగుచుండును. సైకిలువారికి రక్షణ మిక్కిలి కావలసినది అచ్చటనే.