పొగ బాగుంది, తీపి బాగుంది… చెరకు కొట్టినవాడి మాటేంటి?

పోస్టు కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

మొన్న ఆదివారం సంఘం సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. సంక్రాంతికి బయటి ఊళ్ళ నుంచీ, ఫ్రాన్సు నుంచీ యానాం వచ్చే మనవాళ్ళ కోసం ‘విస్కీ టేస్టింగ్’ సాయంత్రం ఒకటి పెడదామట. ఖర్చు సంఘం నిధి నుంచి. “ఇది తాగుడు కాదండీ, కల్చర్” అన్నారు. మచ్చుకి ఒక సీసా కూడా తెచ్చారు. మేమేం మడి కట్టుకు కూర్చున్నవాళ్ళం కాదు. రుచి చూశాం. చూశాకే చెప్తున్నాం: మేం దీనికి ఒప్పుకోం.

ముందు ఆ సీసాకి అన్యాయం చెయ్యకూడదు. అది గ్లెన్‌ఫిడిక్ వాళ్ళు 2018లో తెచ్చిన ‘ఫైర్ అండ్ కేన్’. పేరులోనే నిప్పూ చెరకూ ఉన్నాయి. స్కాట్లాండ్ చిత్తడి నేలల్లో వేల ఏళ్ళుగా కుళ్ళి గట్టిపడ్డ నాచునీ గడ్డినీ పీట్ అంటారు. దాన్ని తవ్వి, ఎండబెట్టి, కాలుస్తారు. మొలకెత్తిన బార్లీని ఆ పొగ మీద ఆరబెడతారు. ఆ పొగవాసన గింజకి పట్టి, బట్టీలో మరిగినా వదలదు. స్కాచ్ అనిపించుకోవాలంటే కనీసం 3 ఏళ్ళు ఓక్ పీపాలో ఉండాలి. దీన్ని ఆఖర్న కొన్నాళ్ళు రమ్ నిలవ చేసిన పీపాల్లో ఉంచారు. చెక్క పీల్చుకున్న రమ్ తీపి విస్కీలోకి దిగింది.

ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదట భోగి మర్నాటి బూడిద. కాసేపటికి బాగా మగ్గిన అరటిపండు. నాలిక మీద పాకం. మింగాక మళ్ళీ పొగ. మాలో ఒకాయన గ్లాసు దింపి, “ఏవండీ, ఇది బెల్లం వండే పొయ్యి దగ్గర వాసన కదూ” అన్నారు. నిజమే. చెరకు పిప్పి మంట, పైన పెనంలో ఉడికే రసం. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి ఈ రుచి ఎవరూ నేర్పక్కర్లేదు. బాగుంది. బాగుందనడానికి మాకేం సిగ్గు లేదు.

మా గొడవ రుచితో కాదు. దాని చుట్టూ చెప్పే గొప్పలతో.

43 శాతం ఆల్కహాలున్నది కల్చరా? తాటిచెట్టెక్కి ప్రాణాలకు తెగించి దింపిన కల్లు, మామూలుగా నాలుగైదు శాతం, అది అలగా తాగుడా? ఆ సమావేశంలోనే ఒక పెద్దమనిషి గీత కార్మికుల పేటని చులకన చేసి మాట్లాడారు, చేతిలో ఆ గ్లాసు పట్టుకునే. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే చవక సరుకులో చాలా భాగం మొలాసిస్ నుంచి తీసిన స్పిరిటే. యూరప్‌లో దాన్ని విస్కీ అననివ్వరు. అంటే మనం ఇన్నాళ్ళూ తాగింది రమ్ముకి చుట్టమే. అది చెరకుదని చిన్నచూపు, ఇది రమ్ పీపాదని పెద్దపీట. ఇదెక్కడి లెక్కండీ?

రెండో మాట. యానాం అంటే బయటివాళ్ళకి ముందు గుర్తొచ్చేదేంటో మీకు తెలుసు. అవతల ఆంధ్రాలో 1995లో నిషేధం పెట్టి 1997లో సడలించారు. ఆ రోజుల్లో ఊరికి పట్టిన ముద్ర ఇంకా చెరగలేదు. మన పిల్లలు కాకినాడ కాలేజీలో ఊరి పేరు చెప్తే పక్కవాడు నవ్వుతాడు. ఆ నవ్వు తుడవాల్సిన సంఘమే సంక్రాంతి నాడు సీసాల బల్ల వేస్తుందా? 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద ఎందుకు తిరగబడ్డారో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళని అడగండి. కల్చర్ అంటే వాళ్ళేమంటారో వినండి.

మూడోది, అసలు మాట. ఆ సీసా మీద ‘చెరకు’ అన్న మాట దగ్గర మేం ఆగిపోయాం. 1828లో యానాం నుంచి తెలుగువాళ్ళని ఓడెక్కించి బూర్బోన్ దీవికి, అంటే ఇప్పటి రీయూనియన్‌కి, చెరకు తోటల పనికి తీసుకుపోయారు. మారిషస్‌లో తెలుగువాళ్ళని ‘కోరంగివాళ్ళు’ అనేవారు. మన పక్కనున్న కోరంగి రేవు పేరే అది. ఈ సీసాకి వాడిన రమ్ ఆ దీవులది కాదు, లాటిన్ అమెరికాది. మనవాళ్ళు కొట్టిన చెరకు ఇందులో ఉందని మేం అనం. కానీ చెరకు తోట ఎక్కడున్నా కొట్టినవాడు ఒకడు, తాగినవాడు ఇంకొకడు. మనం కొట్టినవాళ్ళ వైపు వాళ్ళం. ఆ సంగతి మరిచిపోయి గ్లాసు తిప్పుతూ ‘నోట్సు’ చెప్పుకోవడం మాకు మింగుడు పడలేదు.

ఎవరి ఇంట్లో ఎవరు ఏం తాగుతారో అది వాళ్ళిష్టం. మా ఇళ్ళకి రండి, మేమే పోస్తాం. సంఘం డబ్బు మాత్రం అందరిదీ. చేపలమ్మే అక్క ఇచ్చిన 100 రూపాయలు కూడా అందులో ఉన్నాయి.

అందుకే వచ్చే సమావేశంలో చెయ్యెత్తి అడుగుతాం. ఆ సాయంత్రం ఉంచండి, సీసాలు తియ్యండి. ఓడెక్కినవాళ్ళ గురించి ఇళ్ళల్లో మిగిలిన పేర్లు, ఉత్తరాలు, ముసలాళ్ళ మాటలు పోగుచేసి ఆ రోజు చదువుదాం. ఫ్రాన్సు నుంచి వచ్చే మనవాళ్ళకి విస్కీ అక్కడే దొరుకుతుంది. ఇది మాత్రం ఇక్కడే దొరుకుతుంది.

తాగడానికి బెల్లం పానకం మేం తెస్తాం. పొగ కావాలంటే భోగి మంట ఎలాగూ ఉంది.

ఇట్లు,
మీ తోటి సభ్యులం కొందరం