ఆటగంట యేమైనది?

వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెఱవబడిన వారము దినములలో ప్రతి తరగతి గోడకును ఒక కాలపట్టిక యంటింపబడును. అందు వారమునకు రెండు మూడు గడులలో ‘ఆటలు’ అను మాట వ్రాయబడి యుండును. ఎనిమిదవ తరగతి దాటిన పిదప ఆ మాట పెక్కుచోట్ల కాగితముపై మాత్రమే మిగులుచున్నది. ఆగస్టు వచ్చుసరికి ఒక గడిని లెక్కల పంతులుగారు తీసికొందురు. దీపావళినాటికి రెండవది భౌతికశాస్త్రమున కర్పితమగును. సంక్రాంతి వెళ్లిన తరువాత డ్రిల్లు మాస్టరుగారు ఆటస్థలమున గాక ప్రశ్నపత్రముల కట్టలు లెక్కించు గదిలో గానవత్తురు. దీనిని గుఱించి తల్లిదండ్రులలో నొక్కరైనను ఫిర్యాదు చేసినట్లు మేము వినలేదు. లెక్కల గంటను తీసివేసి పిల్లలచే బంతి యాడించిన యెడల మాత్రము ఆ సాయంకాలమే ప్రధానోపాధ్యాయుని గదిముందు జనము గుమిగూడును.

ఈ మౌనమును గుఱించియే నేడు మేము వ్రాయదలచితిమి. పదుమూడు మొదలు పందొమ్మిదేండ్ల వఱకు గల బాలబాలికలనుండి ఆటను లాగికొనుట వారి దేహమునకు చేయు అపకార మనుట అందఱు నెఱిగినదే. అది వారి మనస్సునకు అంతకన్న నెక్కువ అపకార మని మా యభిప్రాయము. ఈ యపకారము చేయుచున్నవారు పరాయి ప్రభువులు కారు. పిల్లల మేలు కోరు మనమే.

వ్యాయామము మనకు క్రొత్తది కాదు. ఉత్తరాంధ్ర గ్రామములలో గరిడీలును, పట్టణములలో తాలీంఖానాలును నడచినవి. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగా నుండి, పిమ్మట తమ బలప్రదర్శనములచే దేశవిదేశములలో ఖ్యాతి గాంచిరి. స్వాతంత్ర్యోద్యమ దినములలో వ్యాయామశాలకు పోవుట దేశసేవలో నొక భాగముగ నెంచబడెను. అయినను ఆనాటి బోధలో నొక కొఱత యుండెను. కండబలము దేశమునకై యని చెప్పిరే గాని, ఆడుచున్న బాలుని మనస్సు ఎట్లున్నదని యెవరును అడిగినట్లు లేదు. బాలికల ప్రసక్తి మిక్కిలి యరుదు. ఆ ప్రశ్నలకు నేడు శాస్త్రము కొంతవఱకు సమాధానము చెప్పుచున్నది.

దేహమును గుఱించి చెప్పవలసినది క్లుప్తముగ చెప్పెదము. మనుష్యుని యెముకలకు జీవితమంతయు ఆధారమగు సాంద్రతలో నూటికి దాదాపు తొంబది పాళ్లు బాలికలకు పదునెనిమిదవ యేటికిని, బాలురకు ఇరువదవ యేటికిని సమకూడునని వైద్యులు చెప్పుచున్నారు. పరుగెత్తుట, దుముకుట, బరువెత్తుట మొదలగు పనులవలన ఎముకపై పడు ఒత్తిడియే దానిని గట్టిపఱచును. పంటకాలమున గాదె నింపనివాడు తరువాత ఎంత పరితపించినను ఫలము లేదని మా చదువరులలో భూవసతి గలవారికి మేము చెప్పనక్కఱలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన నియమములనుబట్టి, అయిదు మొదలు పదునేడేండ్లవారు దినమునకు సగటున 60 నిమిషములు ఒడలు శ్రమించునట్లు ఆటపాటలలో గడపవలెను. అందు వారమునకు మూడు దినములైనను ఎముకలకును కండరములకును గట్టిపని యుండవలెను. ఆ సంస్థవారే 146 దేశముల లెక్కలు కూర్చి 2019లో ప్రకటించిన పరిశీలన యెట్లున్నదనగా, 2016నాటికి పదునొకండు మొదలు పదునేడేండ్ల విద్యార్థులలో నూటికి 81 మందికి ఆ గంట వ్యాయామము లేదు. బాలికలలో ఈ సంఖ్య 85.

ఇక మనస్సు సంగతి. ఇంగ్లాండున బ్రిస్టలు ప్రాంతమున 1990 దశాబ్దపు తొలియేండ్లలో జన్మించిన పిల్లలను నేటివఱకు పరిశీలించుచు వచ్చిన పండితులు, వారిలో 4,257 మందికి పండ్రెండు, పదునాలుగు, పదునాఱవ యేండ్లలో చలనమును కొలుచు చిన్న యంత్రములను కట్టి, పదునెనిమిదవ యేట వారి విషాదలక్షణములను లెక్కించిరి. పండ్రెండవ యేట దినమునకు ఒక గంట అధికముగ తేలికపాటి చలనము గలవారిలో ఆ లక్షణములు సుమారు నూటికి పది పాళ్లు తక్కువగ నుండెను. కూర్చుండు గంటలు పెరిగిన కొలది అవియు పెరిగెను. ఈ ఫలితములు 2020లో ప్రకటితమైనవి. తేలికపాటి చలన మనగా నడక, ఇంటిపని వంటివి; అనగా మేలు పొందుటకు మల్లయోధుడు కానక్కఱలేదు. మనస్సు కుదుటగా నున్న పిల్లలే ఆటకు పోవుదురేమో, ఆటవలన కుదుట కలుగుననుటకు నిదర్శనమేమి యని యడుగువా రుందురు. ఆ సందేహము న్యాయమైనదే. ఒక్క పరిశీలనతో అది తీరదు. కాని ఇట్టి ఫలితములు పెక్కు దేశములనుండి ఒకే వైపునకు చూపుచున్నప్పుడు, రుజువు పూర్తియగువఱకు పిల్లలను బల్లలకు కట్టివేసి యుంచుదమనుట వివేకము కాదు.

మఱియొక ఫలితము మమ్ము మిగుల నాలోచింపజేసినది. అమెరికాలో తొమ్మిది మొదలు పదుమూడేండ్ల వఱకు గల 11,235 మంది పిల్లలను గుఱించి 2022లో ప్రకటితమైన పరిశోధనలో, జట్టుగా నాడు ఆటలలో నున్నవారికి ఆందోళన, విషాదము, ఒంటరితనము ఏ యాటయు నాడనివారికన్న తక్కువగ కానవచ్చెను. ఏకాకిగా నాడు ఆటలలో మాత్రమే యున్నవారికి ఆ బాధలు ఏ యాటయు లేనివారికన్న ఎక్కువగ నుండెను. కారణము నిర్ణయింపబడలేదు గాని ఊహించుట కష్టము కాదు. ఒంటరిగ నాడువాడు ఓడినప్పుడు లోకమంతయు తన నొక్కనినే చూచుచున్నదని తలచును. జట్టులో ఓటమి పదిమందికి పంచబడును.

చెడుగుడును చూడుడు. కూత తప్పి పట్టుబడినవాడు ‘చచ్చి’ బరి వెలుపలకు పోవును. తనవా డొకడు ఎదుటిజట్టున నొకని నవుట్ చేయగనే ‘బ్రతికి’ లోనికి వచ్చును. ఒక్క సాయంకాలమున పదిమార్లు చచ్చి బ్రతికిన బాలునకు ఓటమి యననేమో తెలియును. అది ముగింపు కాదనియు తెలియును. పైగా తనను బ్రతికించినది తన గొప్పతనము కాదు, ప్రక్కవాని చేవ. ఆ ప్రక్కవాడు ఏ కులమువాడో, ఏ వీధివాడో, ఏ మతమువాడో బరిలో ఎవరును అడుగరు. బరి వెలుపలను అడుగకుండు నలవాటు అక్కడనే మొదలగునని మా యాశ. మన ర్యాంకుల పట్టికలో మాత్రము వెలుపలకు పోయినవానిని మరల లోనికి పిలుచు సంప్రదాయము లేదు. అక్కడ ప్రక్కవాడు తోడు కాడు, పోటీదారు.

పదవ తరగతి ముగియగనే మనవారు పిల్లలను పంపుచున్న ఇంటర్మీడియేటు వసతి కళాశాలలను తలచినప్పుడు ఈ విషయము మఱింత బరువెక్కును. అందఱును ఒక్కతీరున లేరు. మంచి సంస్థలును గలవు. కాని తెల్లవాఱక మునుపు లేపి, రాత్రి పది గంటలవఱకు స్టడీ అవర్లలో కూర్చుండబెట్టి, ఆదివారము నాడును పరీక్ష పెట్టుటయే తమ ఘనతగ చాటుకొను సంస్థలు గలవు. పెక్కు కళాశాలలు అంతస్తుల మేడలలో నడుచుచున్నవి. క్రింద వాహనములు నిలుపు సెల్లారు తప్ప కాలు మోపుటకు నేల లేదు. జాతీయ నేరనమోదు సంస్థ లెక్కలనుబట్టి 2022లో మన దేశమున ఆత్మహత్య చేసికొనిన విద్యార్థులు 13,044 మంది. ఇన్ని మరణములకు ఏకకారణమును చూపుట సాహసము. ఆటస్థలమొక్కటి యుండిన ఇవి జరుగకుండెడివని మేమనుట లేదు. దుఃఖమున నున్న బిడ్డకు వైద్యుడు కావలెను, ఓపికతో వినువారు కావలెను. కాని దినమున నొక్క గంటయైనను మార్కులతో సంబంధము లేని తావున స్నేహితుల నడుమ నుండు బాలుని ముఖమున మాఱుపాటును ఇతరులు ముందుగనే కనిపెట్టగలరు. పదునెనిమిది గంటలు పుస్తకముపై వంగియున్న ముఖమును ఎవరు చూతురు?

ఆటలాడిన చదువు చెడునను మాట మన యిండ్లలో వేదవాక్యమై కూర్చున్నది. అమెరికా ప్రభుత్వపు వ్యాధినివారణ కేంద్రమువారు 2010లో ఏబది పరిశోధనలను సమీక్షించిరి. పాఠశాలలోని వ్యాయామమునకును చదువునకును గల సంబంధములు 251 పరీక్షింపబడగా, సగమునకు పైగా చదువునకు మేలు చూపెను. తక్కిన వానిలో నించుమించుగ నన్నియు మేలును కీడును లేవని చెప్పెను. కీడు చూపినవి నూటికి రెండు పాళ్లు కూడ లేవు. మేలు సంగతి యటుంచుడు; నష్టము లేదని తెలిసిన తరువాత గూడ డ్రిల్లు మాస్టరును పాఠశాలలో రెండవశ్రేణి మనిషిగ చూచుట యెందులకు? 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాలు జట్టునకు స్వర్ణపతకము తెచ్చిన శిక్షకుడు, హైదరాబాదువాసి సయ్యద్ అబ్దుల్ రహీంగారు, మొదట బడిపంతులే.

బాలికల విషయమున మన యపరాధము ఇబ్బడి. తొమ్మిదవ యేట తొక్కుడుబిళ్ల యాడినప్పుడు మురిసిన తల్లియే పదుమూడవ యేట పెద్దమనిషి యైనది గనుక గడప దాటవలదనును. దేహము వింతగ మాఱుచు, తనపై తనకే సందేహము కలుగు వయస్సున, ఆ దేహము దాచవలసినది మాత్రమేయని బాలికకు నేర్పుచున్నాము. ఆటస్థలమునందైతే అదే దేహము పరుగెత్తగలదు, బరువెత్తగలదు, తనను నమ్మవచ్చును అని ఆమె తెలిసికొనును. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లేశ్వరిగారు 2000లో సిడ్నీ ఒలింపిక్సున కంచుపతకము గెలిచి, ఆ పోటీలలో పతకము పొందిన తొలి భారత మహిళ యయ్యెను. నిజామాబాదు జిల్లా పేదకుటుంబమున పుట్టి ప్రభుత్వ గురుకులమున చదివిన మాలావత్ పూర్ణ 2014లో, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు నెక్కెను. వీరిద్దఱిని గడప దాటవలదని ఎవరైన నిలిపియుండిన మనకు తెలియకయే పోయెడిది. అట్లు తెలియకపోయినవారెందఱో!

తల్లిదండ్రుల భయము నిష్కారణమని మేము చెప్పజాలము. 2023లో మహిళా మల్లయోధులు తమపై లైంగికవేధింపులు జరిగినవని ఢిల్లీలో జంతర్‌మంతరువద్ద కూర్చుండవలసి వచ్చుట దేశమంతయు చూచినదే. కావున శిక్షకుని యోగ్యతను విచారింపుడు. సాధ్యమైనచోట స్త్రీశిక్షకురాలిని కోరుడు. మీరే సాయంకాలము వెళ్లి గట్టున కూర్చుండుడు. భయమునకు మందు కాపలా గాని నిషేధము కాదు. ఆహారమును గూడ చూడవలెను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. అట్టి బిడ్డను కడుపునిండ తిండి పెట్టక పరుగెత్తుమనుట క్రౌర్యము. అన్నకు గ్రుడ్డును చెల్లెలికి మజ్జిగయు వడ్డించు ఇండ్లు ఇంకను గలవు.

పట్టణములలో మఱియొక వింత బయలుదేఱినది. ఇంజనీరింగు ర్యాంకుపై నున్న ఆశయే వేషము మార్చుకొని ఆటలోనికి వచ్చినది. ఎనిమిదేండ్ల బిడ్డకు రాకెట్టు చేతికిచ్చి, మఱొక యాట ముట్టనీయక, తెల్లవాఱుజామున ఒక శిక్షణకేంద్రము, సాయంకాలము మఱొకటి త్రిప్పుచున్న తల్లిదండ్రులను చూచుచున్నాము. ఒకే యాటయందు ప్రత్యేకశిక్షణ పదునైదు పదునాఱేండ్ల వఱకు ఆపుట మేలనియు, వారమునకు ఒకటి రెండు దినములైనను విశ్రాంతి యుండవలెననియు అమెరికా శిశువైద్యసంఘము 2016లో సలహా యిచ్చెను. ఒకే కీలుపై మాటిమాటికి పడు దెబ్బ, విసుగు, ఆటపై ఏవగింపు, ఇవి యతిశిక్షణఫలములు. ఓడి యింటికి వచ్చిన బిడ్డకు ఆ రాత్రి తండ్రి ముఖము చూచుటకు భయము కలిగిన యెడల, అది ఆట కాదు, పరీక్షయే.

స్థలము లేదను వాదమును చివరకు వింటిమి. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు ఆటస్థల ముండవలెనని విధించినది గాని, ఆ చట్టపు హక్కు పదునాల్గవ యేటితో ముగియును. పల్లెలలో పూర్వము పిల్లలు కళ్లములలోను చెఱువు గర్భములలోను ఆడుకొనిరి. అవి యిప్పుడు చాలవఱకు ప్లాట్లయినవి. ఆ ప్లాట్లు వేసినవారిలో మా చదువరులును కొందఱుండవచ్చును. పెద్దబాలురు చెడుగుడు ఆడు బరి నిడివి 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. అనగా మూడు సెంట్లకు ఇంచుక పైగా నేల. బాలికల బరి పండ్రెండు మీటర్లకు ఎనిమిది. రెండున్నర సెంట్లు చాలును. గుడి గోపురమునకు, కల్యాణమండపమునకు విరాళమిచ్చు మోతుబరులు ప్రతి యూరను గలరు. ఊరికి ఆఱు సెంట్లు వ్రాసియిచ్చి, చుట్టును నీడకు నాలుగు వేపమొక్కలు నాటించి, సాయంకాలము అయిదు మొదలు ఆఱున్నర వఱకు ఏ ట్యూషను పెట్టరాదని గ్రామసభలో తీర్మానము చేయించుటకు ఏ ప్రభుత్వపు సెలవును అక్కఱలేదు. అట్టి తీర్మానము చేసిన గ్రామముల పేరులను మా పత్రికలో సంతోషముతో ప్రకటింతుము.