నేలమాళిగలోని చెమ్మ - మరచిన నిదానం

ఔషధం సరియైనదే, అనుపానం సరియైనదే, పథ్యం తప్పలేదు. అయినా వ్యాధి తగ్గలేదని పలువురు గృహస్థులు వాపోతూ ఉంటారు. అటువంటప్పుడు మందు మార్చే ముందు రోగి ఏ గదిలో నిద్రిస్తున్నాడో విచారించడం వైద్యుని ధర్మం. నలభై ఏళ్ళుగా ఇతరులకు ఈ మాట చెబుతున్న నేనే నా ఇంటి విషయంలో దీనిని మరచిపోయాను. ఆ పొరపాటు మరికొందరు చేయకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

గత వేసవిలో మేము దంపతులము అమెరికాలోని న్యూజెర్సీలో ఉన్న మా కుమారుని ఇంటికి వెళ్ళాము. అక్కడి ఇళ్ళలో చాలావాటికి భూమిలోపల ఒక అంతస్తు ఉంటుంది. బేస్‌మెంట్ అంటారు, మన మాటలో నేలమాళిగ. బియ్యం బస్తాలు, ప్రయాణపు పెట్టెలు, పిల్లల ఆటవస్తువులు అక్కడే ఉంటాయి. స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులకు పడక కూడా అక్కడే అమర్చే కుటుంబాలున్నాయి. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉన్నదని మేమూ సంతోషించాము.

పది రోజులు గడిచేసరికి నా అర్ధాంగికి దగ్గు పట్టుకున్నది. తెల్లవారుజామున అధికం, పగలు బయట తిరిగితే ఉపశమనం. తేనెతో సితోపలాది చూర్ణం ఇచ్చాను, దశమూల కషాయం ఇచ్చాను. మూడు వారాలైనా గుణం కనబడలేదు. గదిలో తడిసిన గోనెసంచి వాసన వస్తూనే ఉన్నది. పరుపు ఆనిన గోడమీద నల్లని బూజు చుక్కలు కనిపిస్తూనే ఉన్నాయి. ఇవి రెండూ రోగలక్షణాలని నాకు తోచలేదు.

మా కోడలు తేమను కొలిచే చిన్న పరికరాన్ని తెచ్చి గోడకు తగిలించింది. అది 78 శాతం చూపింది. డీహ్యూమిడిఫయర్ కొందామన్నది. "దగ్గుకు యంత్రమేమిటమ్మా? సాంబ్రాణి ధూపం వేయండి" అన్నాను. అయినా యంత్రం వచ్చింది. మరునాటి ఉదయానికి దానిలోని బకెట్టు నిండి, యంత్రం దానంతట అదే ఆగిపోయి ఉన్నది. "మామయ్యగారూ, ఈ నీరంతా అత్తయ్యగారు పీలుస్తున్న గాలిలోనిదే" అన్నది. నేను సమాధానం చెప్పలేకపోయాను.

గురుకులంలో అష్టాంగహృదయం కంఠస్థం చేసినవాడిని. జల సమృద్ధి గల ఆనూపదేశంలో కఫం ప్రబలుతుందని వాగ్భటాచార్యులు చెప్పారు. వర్షర్తువులో నేల ఆవిరి, చలి, తుంపర తగలని మేడ పైభాగాన నివసించమని ఋతుచర్యాధ్యాయంలో విధించారు. కోనసీమలో మా పెద్దలు ఎత్తయిన అరుగులు కట్టి ఇంటిని నేల చెమ్మకు దూరంగా నిలిపింది ఇందుకే. ఆ శ్లోకాన్ని శిష్యులకు ఎన్నోమార్లు బోధించిన నేను, భార్యాసమేతంగా నేల క్రింద శయనించి, కఫానికి మందు వెదుకుతున్నాను! చికిత్సలో మొదటి మెట్టు నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించడం. దానిని విడిచి ఎన్ని కషాయాలు కాచినా ఫలితమేమి?

ధూపం మాటకు వద్దాము. శాస్త్రం వర్షర్తుచర్యలో ధూపం పట్టిన వస్త్రాలు ధరించమన్నది. తడిసిన గోడ ధూపంతో ఆరుతుందనలేదు. మూసిన నేలమాళిగలో నిప్పు కణికలు పెడితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిండి ప్రాణానికే ముప్పు. దగ్గుతో బాధపడేవారికి పొగ మరింత హాని.

కిటికీలు తెరిస్తే చాలునని కొందరి అభిప్రాయం. ఉక్కగా ఉన్న దినాలలో ఇది విపరీత ఫలితమిస్తుంది. వెలుపలి తేమగాలి చల్లని గోడలను తాకి, చల్లటి నీళ్ళు పోసిన చెంబుకు చెమట పట్టినట్లు నీరుగా మారుతుంది. ఈ యంత్రం చేసే పనీ అదే: గాలిని చల్లని గొట్టాల మీదుగా లాగి, నీటిని దించి, పొడిగాలిని తిరిగి వదులుతుంది. ఇంటిలోని తేమ 60 శాతం దాటరాదని, 30 నుండి 50 మధ్య ఉంటే మేలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచన. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో దగ్గు, ఉబ్బసం అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ 2009లో మార్గదర్శకాలు ప్రకటించింది.

అయితే యంత్రాన్ని సర్వరోగ నివారిణిగా భావించరాదు. వాననీరు గోడలోనుండి ఊరుతుంటే ముందు చూరుగొట్టాలను, ఇంటిచుట్టూ నేల వాలును సరిచేయాలి. తడిసిన తివాచీని 24 నుండి 48 గంటలలోగా ఆరబెట్టాలి. బకెట్టు, జల్లెడ తరచు కడగాలి. అందులో చేరిన నీరు శుద్ధజలమని భ్రమించి త్రాగరాదు, కషాయానికి వాడరాదు. బస్తాలను, పరుపును గోడకు, నేలకు ఎడంగా ఉంచాలి. శీతకాలంలో ఇల్లు వెచ్చజేసే సాధనాలతో గాలి సహజంగానే పొడిబారుతుంది. అప్పుడూ యంత్రం నడిపితే చర్మం, ముక్కు, గొంతు ఎండి వాతం ప్రకోపిస్తుంది. పరికరం చూపే అంకెను బట్టి యంత్రాన్ని ఆపడం కూడ ఋతుచర్యయే.

నా అర్ధాంగి ఆ దినమే పై అంతస్తు గదికి మారింది. రెండు వారాలలో దగ్గు శమించింది. ఆ ఘనత యంత్రానిదని నేననను. స్థలం మారడమే ప్రధానం. కాని ఆ గదిలో నిత్యం ఆడుకునే నా మనుమలకు ఆ యంత్రం అవసరమే. ఆయాసం, పిల్లికూతలు ఉన్నవారు మాత్రం గది ఆరేవరకు వేచియుండక వైద్యుని సంప్రదించాలి.

విదేశాలలో ఉన్న బిడ్డలకు నా విన్నపం: తల్లిదండ్రులకు సాధ్యమైనంతవరకు పై అంతస్తులో పడక వేయండి. తోటి వైద్యులకు మరొక విన్నపం: యంత్రం పరదేశపుదని త్రోసిపుచ్చకండి. రోగి నాడి చూచిన చేతితోనే అతని పరుపు ఆనిన గోడను కూడ ఒకసారి తాకి చూడండి.