దువ్వెనయు నీటిధారయు

వేసవిలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములందు గాలి మిక్కిలి పొడిగా నుండును. సముద్రతీరమున తేమవలన చెడిపోవు నొక వినోదము మనకు సులభసాధ్యము. నూనె రాయని తలను ప్లాస్టిక్ దువ్వెనతో పదిమార్లు దువ్వి, కొళాయినుండి దారమువలె పడు నీటిచెంత నుంచుడు. ధార దువ్వెనవైపునకు వంగును. దువ్వెన తడియరాదు సుమా!

నీటి అణువున కొకవైపు ధనవిద్యుత్తు, మరియొకవైపు ఋణవిద్యుత్తు కలదనియు, దువ్వెన యా అణువులను త్రిప్పి లాగుననియు పిల్లలకు చెప్పుచుందురు. అణువులు తిరుగుట నిజమే. కాని యీ వంపునకు ముఖ్యకారణ మది కాదు. దువ్వెన తనకు విరుద్ధమగు విద్యుత్తును కొళాయి మూతికడ నీటిలోనికి రప్పించును. అది నిండిన ధార దువ్వెనచే ఆకర్షింపబడును. తరువాత కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ 1867లో ఈ మర్మముతోనే, రాలు నీటిచుక్కలనుండి నిప్పురవ్వలు పుట్టించు సాధనమును కల్పించెను.

అణువులు తిరుగుటవలని ఫలమును చూడగోరువారికి మైక్రోవేవ్ పొయ్యి కలదు. అందు విద్యుత్ క్షేత్రము సెకనుకు సుమారు 245 కోట్ల పర్యాయములు ఊగును. దానితోపాటు తిరుగబోయి, ప్రక్కవానితో ఒరసికొని నీటి అణువులు వేడెక్కును. వేరుసెనగనూనెను ఆ క్షేత్రము అంతగా పట్టదు.

ఇచట వినోదము చాలించి జాగ్రత్త వహింపవలెను. నున్నని గాజుపాత్రలో నీరు బుడగలు లేకయే మరుగుమట్టమును మించి కాగియుండవచ్చును. కదల్చినంతనే భగ్గున నెగసి చేతులను, మొగమును కాల్చును. నీటిలో ముందుగానే కొయ్యపుల్ల నొకటి యుంచుడు. పొయ్యి నార్పిన పిదప నొక నిమిష మాగి దింపుడు.