బెల్టు తెగితే బండి ఆపడమే బుద్ధి

పల్లెల్లో పాత కార్ల ఇంజన్లు పాడైపోవడానికి గతుకుల రోడ్లే కారణమని కొందరు, బండి వయసే కారణమని మరికొందరు చెబుతుంటారు. రెండింటిలోనూ కొంత నిజమున్నది. కాని ఈ రెండింటికీ సంబంధం లేకుండా, కొన్ని వందల రూపాయల రబ్బరు బెల్టు ఒకటి తెగినందువల్ల వేలకు వేలు ఖరీదు చేసే ఇంజను పట్టేసిన సందర్భాలు ప్రతి వేసవిలోనూ మెకానిక్కుల షెడ్లలో కనిపిస్తూనే ఉన్నాయి. బెల్టు తెగడం ఎవరి చేతిలోనూ లేదనవచ్చు. తెగిన తర్వాత కూడా బండిని పోనివ్వడం మాత్రం మనుషుల చేతిలో ఉన్న పనే.

అంబాసిడర్ కారు 1950ల చివరి నుంచి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపార కర్మాగారంలో తయారయింది. మారుతి 800 కారు తయారీ కూడా 2014లోనే ఆగిపోయింది. కొత్తవి రావడం లేదు గాని, ఉన్నవి ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 2005లో 108 అంబులెన్సు వచ్చేదాకా, అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చినా, పాము కరిచినా పల్లె ప్రజలకు దిక్కు అద్దె కారే. అంబులెన్సు వచ్చిన తర్వాత కూడా, అది మరో ఊరికి వెళ్లి ఉన్న వేళ తలుపు తట్టేది పాత కారు ఉన్న ఇంటినే. పెళ్లిళ్లకు, అన్నవరం, చిన్న తిరుపతి మొక్కులకు సరేసరి. అటువంటి బండి దారిలో నిలబడిపోతే నష్టం బండి యజమాని ఒక్కడిదే కాదు.

ఒక్క బెల్టు, మూడు పనులు

అంబాసిడర్, పాత జీపు వంటి బండ్లలో ఇంజను ముందు భాగాన మూడు పుల్లీలు ఉంటాయి. కింద ఉన్నది ఇంజనుతో పాటు తిరుగుతుంది. పైనున్నది నీళ్ల పంపుది, ఫాను దాని మీదనే ఉంటుంది. పక్కనున్నది కరెంటు పుట్టించే డైనమోది, లేదా ఆల్టర్నేటరుది. ఈ మూడింటినీ కలిపి తిప్పేది ఒకే ఒక్క బెల్టు. దానికి ఫాను బెల్టు అని పేరు పడిపోవడంతో, అది తెగితే గాలి మాత్రమే ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం తప్పు. గాలితో పాటు ఇంజను చుట్టూ నీటిని తిప్పే పంపూ ఆగుతుంది, బ్యాటరీకి చార్జీ కూడా ఆగుతుంది.

మారుతి 800 సంగతి మరో విధం. అందులో ఫాను కరెంటుతో తిరుగుతుంది, బెల్టుతో కాదు. కాని నీళ్ల పంపు తిరిగేది బెల్టుతోనే. బెల్టు తెగినా ఫాను గిర్రున తిరుగుతూ ఉంటుంది గనుక డ్రైవరు అంతా బాగున్నదని మోసపోతాడు. లోపల నీళ్లు కదలక ఇంజను కాలిపోతూ ఉంటుంది.

కొన్ని డీజిలు బండ్లలో ఇంకొక చిక్కు ఉన్నది. బ్రేకులకు బలమిచ్చే వాక్యూం పంపును ఆల్టర్నేటరు వెనుకనే బిగిస్తారు. బెల్టు తెగితే అదీ ఆగుతుంది. తర్వాత కాసేపటికి బ్రేకు పెడలు రాయిలా గట్టిపడుతుంది. మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్ రోడ్డు వంటి చోట ఇది ఇంజను సమస్య కాదు, ప్రాణ సమస్య.

ఎర్ర దీపం చెప్పే మాట

బెల్టు చెప్పకుండా తెగదు. తెగడానికి చాలా రోజుల ముందు నుంచే హెచ్చరిస్తుంది. పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు కీచుమని అరుస్తుంది. రాత్రి పూట లైట్లు వెలవెలబోతాయి. చేత్తో తిప్పి చూస్తే లోపలి వైపున ఎండిన చెరువు నేలలా బీటలు కనిపిస్తాయి. పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తుంటాయి. ఈ బెల్టు పుల్లీని పట్టుకునేది పక్కలతోనే. పక్కలు అరిగితే అది గాడి అడుగుకు దిగిపోయి జారుతుంది. జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే తెగుతుంది.

తెగిన క్షణాన బానెట్టు కింద టపటపమని చప్పుడు వినిపించవచ్చు. చప్పుడు లేకపోయినా డ్రైవరు ఎదుట ఎర్ర దీపం వెలుగుతుంది. అది చార్జీ దీపమే గదా, బ్యాటరీ సంగతి ఇంటికి వెళ్లాక చూసుకోవచ్చునని డ్రైవర్లు అనుకోవడం రివాజు. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. ఆ దీపం వెలిగిందంటే నీళ్ల పంపు కూడా ఆగిపోయి ఉండవచ్చు. పాత డీజిలు ఇంజనుకు బ్యాటరీ అండ లేకపోయినా ఆగే స్వభావం లేదు. ఆగదు కాబట్టి పోనిస్తారు, పోనిచ్చిన కొద్దీ వేడి పెరుగుతుంది. ముందు గ్యాస్కెట్ కొట్టేస్తుంది, తర్వాత హెడ్డు వంకరపోతుంది, చివరకు పిస్టన్లు పట్టేస్తాయి. వేడి చూపే ముల్లు ఉన్నది గదా అనడానికీ లేదు. పాత బండ్లలో ఆ ముల్లు పనిచేయడం మానేసి ఏళ్లు గడిచి ఉంటాయి. పనిచేసేదైనా, రేడియేటరులో నీళ్లు అయిపోతే సరిగా చూపించదు.

కనుక ఎర్ర దీపం వెలగగానే బండిని రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి, బానెట్టు ఎత్తి చూడాలి. బెల్టు ఉండి దీపం వెలుగుతుంటే అది కరెంటు లోపం. అప్పుడు పగటి పూట నెమ్మదిగా ఊరు చేరవచ్చు. బెల్టే లేకపోతే ప్రయాణం అక్కడితో ఆగవలసిందే.

నీళ్లు పోస్తే సరిపోదు

డెల్టా పల్లెల్లో ఏ రోడ్డు పక్కన చూసినా కాలువే. అందుచేత బండి వేడెక్కితే బిందెతో నీళ్లు తెచ్చి పోసి, మళ్లీ పోనివ్వడం అలవాటైపోయింది. పంపు తిరగనప్పుడు పోసిన నీరు ఉన్నచోటనే మరుగుతుంది తప్ప ఇంజనును చల్లబరచదు. పైగా మసిలిపోతున్న ఇంజనులో చన్నీళ్లు ఒక్కసారిగా పోస్తే ఇనుము చిట్లుతుంది. కాలువ నీటిలోని ఒండ్రు రేడియేటరు గొట్టాలను పూడ్చేస్తుంది.

అంతకన్నా ప్రమాదకరమైనది వేడి మీద రేడియేటరు మూత తీయడం. లోపల ఆవిరి ఒత్తిడి మీద ఉంటుంది. మూత వదులు కాగానే మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగాలి. ఆ తర్వాత మడత పెట్టిన తడి తువ్వాలు మూత మీద వేసి, ముఖం పక్కకు తిప్పుకుని, మొదటి మెట్టు వరకే తిప్పి ఆవిరి పోనివ్వాలి. ఆ తర్వాతనే పూర్తిగా తీయాలి. ఇంజను నడుస్తుండగా బెల్టు దగ్గరకు చేయి, పైటకొంగు, కండువా వెళ్లకూడదని వేరే చెప్పనక్కరలేదు. మారుతి వంటి బండ్లలో ఇంజను ఆపినా ఫాను ఉన్నట్టుండి తిరుగుతుంది. తాళం తీసి జేబులో వేసుకున్నాకే చేయి పెట్టడం క్షేమం.

తాడు, చీర ముక్క

బెల్టు తెగితే కొబ్బరి తాడు కట్టి నడిపామని, చీర అంచు పేని కట్టి ఊరు చేరామని చెప్పుకునే పాత డ్రైవర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అవి కట్టుకథలు కావు. డైనమోను వదిలేసి, ఇంజను పుల్లీకి, నీళ్ల పంపు పుల్లీకి మాత్రమే గట్టి గుడ్డ పేని బిగించి, మెల్లగా కొంత దూరం వెళ్లడం అసాధ్యమేమీ కాదు. కాని ముడి ఉన్నచోట దెబ్బ తగిలి గుడ్డ తెగుతుంది. తెగిన ముక్క ఫానులో చుట్టుకుంటే రేడియేటరే చిరుగుతుంది. నడిస్తే ఆ పూట అదృష్టం. దాన్ని పద్ధతిగా పెట్టుకుంటే మాత్రం బండి దక్కదు.

పిండి మర బెల్టో, నూర్పిడి యంత్రం బెల్టో తెచ్చి తగిలించేవారు కూడా ఉన్నారు. చూడటానికి ఒకటిగానే ఉంటాయి. వెడల్పులో కొద్ది తేడా ఉన్నా గాడిలో సరిగా కూర్చోదు. బానెట్టు కింది వేడికి ఆ రబ్బరు ఎక్కువ కాలం తట్టుకోదు. అరిచే బెల్టుకు జిగురో, సబ్బో, గ్రీజో పూయడం కూడా వృథా. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి మరింత తొందరగా పోతుంది.

తప్పు ఎవరిది?

బండి దారిలో ఆగి ఇంజను పోయిన తర్వాత ఊళ్లో పంచాయితీ తప్పదు. ఎర్ర దీపం వెలిగినా ఆపలేదని యజమాని డ్రైవరును పట్టుకుంటాడు. బెల్టు మార్చమని రెండు నెలలుగా చెబుతున్నా డబ్బు ఇవ్వలేదని డ్రైవరు మొరపెట్టుకుంటాడు. చివరకు నెల జీతంలో కోత పడేది డ్రైవరుకే. ఇది న్యాయం కాదు. బెల్టు కొనవలసిన బాధ్యత యజమానిది. సీటు కవర్లకు, అద్దం మీది దండకు, పాటల పెట్టెకు, ముందు వేలాడే నిమ్మకాయలకు ముందుకు వచ్చే చేయి బెల్టు దగ్గరకు వచ్చేసరికి ముడుచుకుపోతున్నది. దీపం వెలిగినప్పుడు ఆపే బాధ్యత డ్రైవరుది. యజమాని బెల్టు కొనకపోవడం ఒక తప్పు. తెగిన బెల్టుతో పది కిలోమీటర్లు పోనివ్వడం మరో తప్పు. ఒకటి చూపించి రెండోదాన్ని మాఫీ చేసుకోవడానికి వీలు లేదు.

బండిలో కూర్చున్నవారికి కూడా ఇందులో వాటా ఉన్నది. ముహూర్తం దాటిపోతున్నదని, బస్సు అందదని, "ఇంకొంచెం దూరమే గదా, పోనీయవయ్యా" అని డ్రైవరు మీద ఒత్తిడి తెచ్చేది వారే. ఆ కొంచెం దూరంలోనే ఇంజను పోతుంది. అప్పుడు ముహూర్తమూ అందదు, బండీ మిగలదు. ఆసుపత్రికి తీసుకుపోతున్న మనిషి బండిలో ఉంటే ఆగడం కష్టమే. కాని ఆగి, వెనుక వచ్చే ఆటోనో, ట్రాక్టరునో ఆపి మనిషిని ఎక్కించి పంపితే ప్రాణం దక్కే దారి ఉంటుంది. పట్టేసిన ఇంజనుతో చీకట్లో, పొలాల మధ్య నిలబడిపోతే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఉగాదికి, దసరాకు

రైతులకు బెల్టు కొత్త వస్తువు కాదు. మిల్లు బెల్టు సీజనుకు ముందే చూసుకుంటారు, నూర్పిడి యంత్రం బెల్టు అదనంగా ఒకటి ఇంట్లో వేలాడదీస్తారు. కోత మొదలయ్యాక ఒక్క పూట యంత్రం ఆగితే ఎంత నష్టమో వారికి తెలుసు. ఆ తెలివి కారు షెడ్డు దాకా రావడం లేదు. కారు తక్కువగా తిరుగుతుంది గనుక బెల్టు అరగదని ధీమా. వాడకపోయినా రబ్బరు ఎండిపోతుంది. గడ్డివాము పక్కన షెడ్డు ఉంటే ఎలుకలు కొరుకుతాయి. నెలల తరబడి కదలని బండిని పెళ్లి రోజున తీస్తే మొదట తెగేది బెల్టే.

చేయవలసిన పని చాలా చిన్నది. వేసవికి ముందు ఉగాదికి ఒకసారి, దసరాలకు ఆయుధ పూజ నాడు ఒకసారి బానెట్టు ఎత్తి బెల్టును చూడాలి. రెండు పుల్లీల మధ్య పొడవుగా ఉన్నచోట బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. ఎక్కువ దిగితే వదులు, అసలు దిగకపోతే బిగువు. మరీ బిగిస్తే నీళ్ల పంపు, డైనమో బేరింగులు అరిగిపోతాయి. బీటలు కనిపిస్తే తెగేదాకా ఆగకుండా మార్చాలి. తీసిన పాత బెల్టు ఇంకా ముక్క కాకుండా ఉంటే పారవేయకుండా డిక్కీలో ఉంచాలి. ఆపదలో ఊరు చేర్చడానికి అది చాలు.

అంబాసిడర్ తయారీ ఆగిన తర్వాత దాని సామాను మండల కేంద్రాల దుకాణాలలో అన్ని వేళలా దొరకడం లేదు. పాత బెల్టును చేత పట్టుకుని వెళ్లి, దాని మీది నంబరు సరిచూసి, ఒకేసారి రెండు కొనడం మంచిది. ఒకటి బండికి, ఒకటి డిక్కీలో స్టెప్నీ పక్కన. స్టెప్నీ లేకుండా పొరుగూరు బయలుదేరని మనిషి బెల్టు లేకుండా ఎందుకు బయలుదేరాలి? దాన్ని నూనె డబ్బా మీద పడేయకుండా గుడ్డలో చుట్టి ఉంచాలి. రెండు పానాలు, ఒక కడ్డీ తోడుంటే, డైనమో బోల్టులు వదులు చేసి, కొత్త బెల్టు ఎక్కించి, డైనమోను బయటకు లాగి బిగించడం తెలిసిన చేతికి పెద్ద పని కాదు. ఆ పని డ్రైవరుకు ఊళ్లో, పగటి పూట, మెకానిక్కు ఎదుట ఒకసారి చేయించి నేర్పాలి. అర్ధరాత్రి ఘాట్ రోడ్డు మీద టార్చిలైటు వెలుగులో నేర్చుకునే విద్య కాదది.

పాత బండిని నడపడంలో నామోషీ లేదు. లక్షలు పోసి కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నదాన్ని జాగ్రత్తగా ఉంచుకుంటే అది ఇంకా ఎన్నో పెళ్లిళ్లు, ఎన్నో పురుళ్లు చూస్తుంది. అందుకు యజమాని ఒక బెల్టు కొనాలి, డ్రైవరు దీపం చూసి ఆపాలి, ఎక్కినవారు కాసేపు ఓపిక పట్టాలి. ఈ మూడింటిలో ఒక్కదానికి మాత్రమే డబ్బు ఖర్చవుతుంది, అదీ వందలలోనే.