ఛాతీ నొప్పి – కారణాన్వేషణ

విద్యార్థులలో ఎవరైనా ఛాతీలో నొప్పి అనగానే చుట్టూ ఉన్నవారు రెండు తీర్పులలో ఏదో ఒకటి చెప్పివేస్తారు. "గ్యాస్, ఏమీ కాదు" అన్నది మొదటిది. "గుండెపోటేమో" అన్నది రెండవది. మొదటిది నిర్లక్ష్యానికీ, రెండవది భయానికీ దారి తీస్తుంది. రెండింటిలోనూ లోపించినది విచారణ. నొప్పికి మందు వెదకుటకు ముందు కారణం వెదకాలని మా అభిప్రాయం.

ఛాతీలో ఉన్నది గుండె ఒక్కటే కాదు. కడుపులోని ఆమ్లం అన్నవాహికలోనికి ఎగదన్నితే రొమ్ము మధ్య మంట పుడుతుంది. పక్కటెముకలు రొమ్ము ఎముకతో కలిసేచోట మృదులాస్థికి తాపం కలిగితే, వేలితో నొక్కినచోటనే నొప్పి తెలుస్తుంది. క్షయ వల్ల ఊపిరితిత్తుల పొరలో నీరు చేరితే, గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు పొడిచినట్లుంటుంది. పొడవుగా, సన్నగా ఉన్న యువకులలో ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తి నుండి గాలి వెలికి చేరి, హఠాత్తుగా నొప్పీ ఆయాసమూ కలగటం కద్దు.

ఇక మనసు సంగతి. ఉర్దూలో 'దిల్' అన్నా, తెలుగులో 'గుండె' అన్నా అవయవమూ ధైర్యమూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. నాడి చలనాన్ని గమనిస్తూ, ఒక్కొక్క పేరే పలికి, రోగి దాచుకున్న వ్యథను కనుగొనే పద్ధతిని ఇబ్నె సీనా తన వైద్యగ్రంథంలో వివరించాడు. అమెరికా అంతర్యుద్ధ సైనికులలో కనిపించిన ఛాతీ నొప్పినీ గుండెదడనూ గురించి డకోస్టా అనే వైద్యుడు 1871లో వ్యాసం ప్రకటించాడు. ఆందోళన వల్ల కలిగే నొప్పి నిజమైన నొప్పే. అది నటన కాదు.

అయినను అన్వేషణకొక క్రమమున్నది. ముందుగా ప్రాణాపాయమైన కారణాలను తొలగించుకోవాలి. ఛాతీపై బరువు పెట్టినట్లుండి, నొప్పి ఎడమ చేతికో దవడకో ప్రాకినా, చెమటలు పట్టినా, స్పృహ తప్పినా, శ్రమ చేసినప్పుడు నొప్పి వచ్చినా ఆలస్యం కూడదు. వెంటనే 108కు ఫోను చేయాలి. స్త్రీలలోనూ మధుమేహమున్నవారిలోనూ ఈ లక్షణాలు ఇంత స్పష్టంగా ఉండకపోవచ్చు. మొదటి ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన గుండెపోటు లేదని తేల్చరాదు; రక్తంలో ట్రోపోనిన్ పరీక్షను కొన్ని గంటల వ్యవధిలో మరల చేయుట అందుకొరకే.

అన్ని పరీక్షలూ బాగున్నవని తేలిన పిదప "నీకేమీ లేదు" అని పంపివేయుట న్యాయం కాదు. గుండెలో దోషం లేదన్నది ఒక సమాధానం మాత్రమే. నొప్పి ఎందుకన్న ప్రశ్న అట్లే నిలిచి ఉంటుంది. ఎప్పుడు వస్తున్నది, ఎంతసేపు ఉంటున్నది, ఏమి తిన్న తరువాత, ఏ ఆలోచన నడుమ అన్నది రోగి వ్రాసి ఉంచుకుంటే వైద్యుని పని సగం తేలికవుతుంది.

మన కళాశాలకు వచ్చేవారిలో అధికులు అల్పాదాయ కుటుంబాల పిల్లలు. పరీక్షల ఖర్చు తలచుకొని తండ్రికి చెప్పనివారున్నారు. నలుగురిలో ఛాతీ మాట ఎత్తుటకు సిగ్గుపడే బాలికలున్నారు. పరీక్ష పోతుందని నొప్పిని దిగమ్రింగి కూర్చునేవారున్నారు. దాచిన నొప్పికి కారణం ఎవరు వెదకగలరు?

కనుక కళాశాల కమిటీ వారికి మూడు మనవులు. వారమునకొక దినం వైద్యుడు, వీలైనంతలో వైద్యురాలు, కళాశాలకు వచ్చే ఏర్పాటు చేయాలి. గుండె ఆగినవారికి నిముషానికి 100 నుండి 120 సార్లు రొమ్మును నొక్కే ప్రథమ చికిత్సను ప్రతి తరగతిలో కొందరికైనా నేర్పించాలి. పరీక్షా మందిరంలో నొప్పి అన్న విద్యార్థిని అనుమానంతో గాక ఆదరంతో వెలుపలికి తీసుకొనిపోవాలి. వీటికయ్యే వ్యయం స్వల్పం. విద్యార్థులు చేయవలసినది ఒక్కటే: నొప్పి కలిగిన నాడు నోరు విప్పి చెప్పటం.